పేకలో ఇమిడిన జిల్లా

పిల్లల చేతిలో పేకముక్కలు కనబడితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఊరుకోరు. "చదువూ సంధ్యా లేకుండా ఇదేం ఆట?" అని కేకలేస్తారు. వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు. పేకాట మూలాన ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళను గురించి అందరమూ విన్నవాళ్ళమే.

కాని జపాను దేశంలో ఒక జిల్లా ఉన్నది. అక్కడ చలికాలం రాగానే పెద్దవాళ్ళే అలమరలోంచి పేక తీసి, పిల్లలను చుట్టూ కూచోబెట్టుకుని ఆట నేర్పుతారు. ఆ జిల్లా పేరు గున్మా. ఆ పేక పేరు జోమో కరుతా. "జోమో" అనేది ఆ సీమకున్న పాత పేరు. "కరుతా" అంటే పేక. నాలుగు వందల యాభై ఏళ్ళకు పూర్వం ఓడల మీద జపాను చేరిన పోర్చుగీసువాళ్ళ భాషలోని "కార్తా" అనే మాటే జపాను నోట "కరుతా" అయింది.

ఈ పేకలో రాజూ, రాణీ ఉండరు. పందెం అసలే ఉండదు. ఇందులో ఉండేవి కొండలు, నదులు, వేడినీటి ఊటలు, పాత గుళ్ళు, పట్టుమిల్లు, ఒక లెక్కల పండితుడు, ఊరికోసం ప్రాణమిచ్చిన ఒక రైతు! ఒక్కమాటలో చెప్పాలంటే జిల్లా అంతా ఆ పెట్టెలోనే ఉన్నది. మనం ముందు ఆ జిల్లాకు వెళ్ళి, తరవాత పేక విప్పుదాం.

టోకియో నగరంలో బుల్లెట్ రైలెక్కితే సుమారు 50 నిమిషాలలో తకసాకి అనే ఊరు చేరుకుంటాం. దారి పొడుగునా నేల చదునుగా ఉంటుంది. తకసాకి దగ్గరపడేసరికి ఎదురుగా కొండలు లేస్తాయి. ఊరి పక్కన ఒక కొండమీద తెల్లని విగ్రహం ఒకటి కనబడుతుంది. అది కరుణామూర్తి అయిన కన్నోన్ దేవి విగ్రహం. బౌద్ధులు అవలోకితేశ్వరుడని కొలిచే బోధిసత్వుణ్ణే జపానువాళ్ళు ఇలా కొలుస్తారు. 1936లో కట్టిన ఆ విగ్రహం ఎత్తు సుమారు 42 మీటర్లు. పేకలో ఆ దేవికి ఒక ముక్క ఉన్నది.

అకగి, హరున, మ్యోగి అని జిల్లాలో మూడు పేరుపొందిన కొండలున్నాయి. పేకలో వాటికి మూడు ముక్కలు. ఉత్తరాన ఇంకా పెద్ద పర్వతాలున్నాయి. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే గాలి సముద్రం మీద తేమ పీల్చుకుని, ఆ పర్వతాల అవతలి వైపున మంచుగా కురిపించేస్తుంది. ఉన్న తేమంతా అక్కడే దించేసి, ఇవతలికి దిగేసరికి గాలి ఎండిపోయి ఉంటుంది. ఆ చలిగాలి గున్మా పిల్లల పెదవులు పగలగొడుతుంది. వేసవిలో మరో తమాషా. ఎండకు వేడెక్కిన గాలి కొండవాలు వెంట పైకెగసి మబ్బు కడుతుంది. సాయంత్రానికి ఉరుములు, మెరుపులు! అందుచేత ఉరుముకూ, ఎండుగాలికీ కలిపి పేకలో ఒక ముక్క ఇచ్చారు. ఆ ముక్క కథ ఇంకా ఉన్నది, తరవాత చెబుతాను.

గున్మా పటం చూస్తే రెక్కలు చాచి ఎగిరే సారసపక్షిలాగా ఉంటుంది. తల ఆగ్నేయ దిక్కుకు చాచి ఉంటుంది. జిల్లా ఆకారం సారసంలాగా ఉన్నదని చెప్పే ముక్క పేకలో చాలా ముఖ్యమైనది. దాన్ని "త్సు" ముక్క అంటారు. ఎందుకంటే జపాను భాషలో ఆ పక్షిని "త్సురు" అంటారు.

ఇక పేక విప్పుదాం. జపాను పిల్లలు ముందుగా నేర్చే అక్షరాలు 46. వాటిలో రెండింటితో ఏ మాటా మొదలు కాదు. మిగిలిన 44 అక్షరాలకూ 44 విషయాలు. ఒక్కొక్క విషయానికి రెండు ముక్కలు: ఒకటి చదివే ముక్క, ఒకటి పట్టే ముక్క. చదివే ముక్కమీద పాటలాగా సాగే చిన్న వాక్యం ఉంటుంది. దాని వెనక ఆ విషయాన్ని గురించిన వివరం ఉంటుంది. పట్టే ముక్కమీద వాక్యం ఉండదు. రంగుల బొమ్మా, ఒక మూల గుండ్రంలో మొదటి అక్షరమూ మాత్రమే ఉంటాయి.

ఇంత ముచ్చటైన పేక పుట్టిన కాలం మాత్రం ముచ్చటైనది కాదు.

1945 ఆగస్టు 5వ తేదీ రాత్రి విమానాలు వచ్చి, గున్మా ముఖ్యపట్టణమైన మయెబషి మీద బాంబులు కురిపించాయి. నగరంలో చాలా భాగం తగలబడిపోయింది. ఐదు వందలమందికి పైగా చనిపోయారు. మరి పది రోజులకు యుద్ధం ముగిసింది. తల్లిదండ్రులు పోయిన పిల్లలు, కొడుకులు పోయిన ముసలివాళ్ళు, భర్తలు పోయిన ఇల్లాళ్ళు మిగిలారు. తినడానికి తిండి లేదు, ఆడుకోవడానికి బొమ్మ లేదు.

బడికి పోతే అక్కడా ఒక వెలితి. అప్పుడు జపాను అమెరికా సేనల అధికారం కింద ఉండేది. యుద్ధకాలంలో చరిత్ర, భూగోళం, నీతి పాఠాల పేరుతో పిల్లలకు యుద్ధోన్మాదం నూరిపోశారని ఆ అధికారులు 1945 డిసెంబరు 31న ఆ మూడు పాఠాలనూ నిలిపివేశారు. వాళ్ళు చెప్పిన కారణం అబద్ధం కాదు. అయితే పిల్లవాడికి తన ఊరి కొండ పేరు, తన వాగు పుట్టిన చోటు ఎవరు చెప్పాలి? భూగోళమూ, చరిత్రా 1946లో మళ్ళీ మొదలైనా, అధికారుల కన్ను వాటి మీద ఉండేది.

యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళను ఆదుకునే సంఘమొకటి అప్పుడు గున్మాలో పనిచేస్తూండేది. ఉరానో మసహికో అనే ఆయన అందులో పెద్ద. పిల్లలకు అన్నం ఒక్కటీ పెడితే చాలదనీ, మేము ఫలానా చోటివాళ్ళమని తలెత్తుకునే ధైర్యం కూడా కావాలనీ ఆయన అనుకున్నాడు. పేకగా చేస్తే ఆటా అవుతుంది, పాఠమూ అవుతుంది. ఏ విషయాలు పెట్టాలని జిల్లా జనాన్నే అడిగారు. బొమ్మలు వేయించారు, వాక్యాలు రాయించారు. 1947లో మొదటిసారి పన్నెండు వేల పేకలు అచ్చయినాయి.

ఆ ముక్కలలో కొన్నిటి కథలు వినండి.

"అ" ముక్క ఆసమా కొండది. అది అగ్నిపర్వతం. 1783లో అది భయంకరంగా పేలింది. కరిగిన రాయి ప్రవహించి గడ్డకట్టిన చోటు ఇప్పటికీ నల్లగా, మైళ్ళ పొడుగునా కనబడుతుంది. దయ్యాలు రాళ్ళను బయటికి నెట్టాయని పూర్వులు దానికి పేరుపెట్టారు. ఆ కొండకింద కన్‌బరా అనే పల్లె ఉండేది. రాళ్ళూ మట్టీ కలిసిన ప్రవాహం వచ్చి ఆ పల్లెను పూడ్చేసింది. గట్టుమీది కన్నోన్ గుడి మెట్లెక్కినవాళ్ళు బతికారు. ఇప్పుడు ఆ గుడికి పైకి కనబడేవి 15 మెట్లే. 1979లో తవ్వి చూస్తే, మట్టికింద మెట్లమీద ఇద్దరు ఆడవాళ్ళ అస్థిపంజరాలు దొరికాయి. చిన్నావిడ ముసలావిడను వీపుమీద మోస్తూ ఎక్కుతున్నది. ఒక్కతే పరుగెత్తి ఉంటే, చిన్నావిడ పై మెట్టు చేరుకునేదేమో!

"ఎ" ముక్క దరుమా బొమ్మది. ఆసమా పేలినప్పుడు బూడిద పొలాలను కప్పేసింది. పంటలు పోయి కరువు వచ్చింది. అప్పుడు తకసాకి దగ్గర షోరిన్‌జాన్ అనే గుడిలోని గురువు, రైతులకు కాగితపు గుజ్జుతో దరుమా బొమ్మలు చేయడం నేర్పాడని చెబుతారు. బొమ్మ గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. ఎన్నిసార్లు పడదోసినా లేచి నిలబడుతుంది. కొన్నప్పుడు దానికి కళ్ళు ఉండవు. ఏదైనా కోరుకుని ఒక కన్ను దిద్దుతారు. కోరిక తీరాక రెండో కన్ను దిద్దుతారు. ఈనాటికీ జపానులో అమ్ముడుపోయే దరుమాలలో ఎక్కువ భాగం తకసాకిలోనే తయారవుతాయి. ఇంతకూ దరుమా ఎవరనుకున్నారు? మన బోధిధర్ముడే! ఆయన దక్షిణ భారతం నుంచి చీనా దేశానికి వెళ్ళాడని బౌద్ధులు చెప్పుకుంటారు.

చూశారా, "అ" ముక్క తెలిస్తేగాని "ఎ" ముక్క పూర్తిగా అర్థం కాదు. ఈ పేకలో ముక్కకూ ముక్కకూ ఇలా చుట్టరికం ఉన్నది.

పట్టు సంగతి చూడండి. మయెబషి పట్టుదారానికి పేరుపొందిన ఊరు, కిర్యు నేతకు పేరుపొందిన ఊరు. ఇసెసాకి మెయిసెన్ అనే పట్టుబట్టకు పేరుపొందింది. మన పోచంపల్లిలో లాగానే అక్కడ కూడా దారానికి ముందే రంగులద్ది, తరవాత నేసే పద్ధతి ఉన్నది. తొమియొకాలో 1872లో ప్రభుత్వంవారు పెద్ద పట్టుమిల్లు కట్టారు. దేశం నలుమూలల నుంచీ ఆడపిల్లలు వచ్చి అక్కడ పని నేర్చుకుని, తిరిగి వెళ్ళి తమ ఊళ్ళలో నేర్పారు. ఆ మిల్లు 1987లో మూతపడింది. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఈ నాలుగు చోట్లకూ నాలుగు ముక్కలూ, పట్టుకాయలకూ పట్టుదారానికీ కలిపి మరొక ముక్కా ఉన్నాయి.

"తె" ముక్క మొజాఎమొన్ అనే రైతుది. పదిహేడో శతాబ్దంలో నుమతా ప్రభువు పన్నులతో జనాన్ని పీల్చేశాడు. ప్రభువుమీద రైతు ఫిర్యాదు చేయడమంటే ఆ కాలంలో చావును పిలవడమే. మొజాఎమొన్ ఫిర్యాదు రాసి, గొప్పవారి ముద్ర ఉన్న పెట్టెలో పెట్టి, దారిపక్క టీ దుకాణంలో మరిచిపోయినట్టు వదిలేశాడట. పెట్టె పోయి పోయి షోగును చేతికే చేరిందట. 1681లో ప్రభువు పదవి ఊడింది. మొజాఎమొన్‌కు మాత్రం మరణశిక్ష తప్పలేదు.

"వ" ముక్క సెకి తకకజు అనే లెక్కల పండితుడిది. పెద్ద తరగతుల పిల్లలు నేర్చే "నిర్ధారకాలు" అనే గణితాన్ని ఆయన 1683లోనే రాశాడు. యూరపులో లైబ్నిట్జ్ దాన్ని గురించి రాసింది 1693లో.

ఇక ఉరుముల ముక్క. పేకలో మరికొందరి పేర్లు కూడా పెట్టాలని జనం కోరారు. వాళ్ళలో పేదలకు సాయం చేశాడని జనం పాడుకునే కునిసదా చూజి అనే పాతకాలపు జూదరి ఒకడు. అధికారులు వద్దన్నారు. ఉరానో ఎదురు చెప్పలేదు. కాని ఉరుము ముక్కమీద అక్షరాన్ని ఎర్రగా అచ్చువేయించాడు. పేరెత్తకూడని వాళ్ళందరూ ఆ ఉరుములోనే ఉన్నారని గున్మావాళ్ళు చెప్పుకుంటారు.

ఇప్పుడు ఆట ఎలా ఆడాలో చూద్దాం.

ఆడేవాళ్ళు ఇద్దరైనా కావచ్చు, ముగ్గురేసి చొప్పున రెండు జట్లయినా కావచ్చు. చదవడానికి మరొకరు కావాలి. పట్టే ముక్కలు 44 కలిపి, 22 చొప్పున పంచుకుని, బొమ్మలు పైకి ఉండేటట్టు ఎదురెదురుగా వరసలు పేర్చాలి. ఏ ముక్క ఎక్కడ ఉన్నదో కాసేపు చూసి గుర్తుపెట్టుకోవాలి. తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచోవాలి.

చదివేవాడు ముందుగా సారసపక్షి వాక్యాన్ని రెండుసార్లు చదువుతాడు. అది ఉత్త చదువు. ఎవరూ ముక్క ముట్టకూడదు. చెవులు సిద్ధం చేసుకోవడానికే అది. తరవాత అసలు ఆట. వాక్యం మొదలుకాగానే ఆ ముక్కమీద ముందు చెయ్యి వేసినవాడిదే ముక్క. ఇద్దరి చేతులూ పడితే కింద ఉన్న చేతిది గెలుపు. ముక్క తప్పు ముట్టినవాడు తాను గెలిచిన వాటిలోంచి ఒకటి ఎదుటివాడికి ఇచ్చుకోవాలి. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ ముక్కలుంటే వాళ్ళు గెలిచినట్టు. చెరి 22 వస్తే? అప్పుడు సారసపక్షి ముక్క ఎవరి దగ్గర ఉన్నదో వాళ్ళదే గెలుపు!

ఏ రెండు ముక్కలకూ మొదటి అక్షరం ఒకటి కాదు గదా! అందుచేత పేకంతా కంఠతా వచ్చిన పిల్లలు రెండో అక్షరం దాకా ఆగరు. చదివేవాడి నోట మొదటి శబ్దం వస్తూండగానే చెయ్యి కదులుతుంది. గట్టిగా అరిచేవాడికీ, బలమైనవాడికీ ఇక్కడ ప్రయోజనం లేదు. నోరుమూసుకుని చెవి ఒగ్గినవాడికే ముక్క. అందువల్ల ఒకటో తరగతి చెల్లెలు ఆరో తరగతి అన్నయ్యను ఓడించడమూ జరగవచ్చు.

1948 నుంచి ఈ ఆటకు జిల్లా పోటీలు మొదలైనాయి. చలికాలంలో పేటపేటకూ ఉన్న బాలసంఘాలు పిల్లలను తయారుచేస్తాయి. పేటలో గెలిచినవాళ్ళు ఊరి పోటీకి, అక్కడ గెలిచినవాళ్ళు ఫిబ్రవరిలో మయెబషిలో జరిగే జిల్లా పోటీకి వెళతారు. అంత పెద్ద హాలులోనూ, చదివేవాడు నోరు తెరవబోయే ఆ క్షణంలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

ఈ పేకలో ఒక్క ముక్కమీది అంకెను మాత్రం మార్చుతూ వచ్చారు. అది "చి" ముక్క. ఇంత జనం చేయి చేయి కలిపి ఉన్నామని అది చెబుతుంది. 1947లో దానిమీద ఉన్న సంఖ్య 16 లక్షలు. జిల్లా జనాభా పెరిగినకొద్దీ అచ్చులో ఆ సంఖ్యా పెరుగుతూ వచ్చి, 1993లో 20 లక్షలయింది. ఆ తరవాత జనాభా మళ్ళీ తగ్గుముఖం పట్టింది.

ఆ మొదటి 16 లక్షల సంగతి ఒక్క నిమిషం ఆలోచించండి. 1947లో ఇల్లు కాలిపోయి, అమ్మా నాన్నా లేక, ఎవరింట్లోనో తలదాచుకున్న పిల్లవాడు ఆ ముక్కను పట్టి ఉంటాడు. తనకెవరూ లేరనుకున్నవాడికి ఆ ముక్క, "నీతో కలిపి పదహారు లక్షలమంది ఉన్నాం" అని చెప్పింది. కొండలూ, పట్టుమిల్లూ ఎంత గొప్పవైనా, ఆ మాట చెప్పింది ఈ ఒక్క ముక్కే.

ఇలాటి పేక మీరూ చేసుకోవచ్చు. పాత అట్టపెట్టె, కత్తెర, రంగుపెన్సిళ్ళు, నలుగురు స్నేహితులు ఉంటే చాలు. మన అక్షరాలన్నిటికీ ముక్కలు చేయాలని పట్టుపట్టకండి. "ణ"తో మొదలయ్యే ఊరికోసం వెతికితే సెలవులు అయిపోతాయి! ముప్ఫై అక్షరాలు ఏరుకోండి. చిన్నపిల్లలు ఆడేదైతే ఒక హల్లుకు ఒక్కటే ముక్క ఉండాలి. అక్కడే అసలు తగాదా వస్తుంది. కృష్ణాతీరపు పిల్లలు "క" అక్షరానికి కృష్ణానదిని పెడతారా, కూచిపూడిని పెడతారా, కొండపల్లి బొమ్మలను పెడతారా? వాదించుకోండి, తప్పులేదు. ఎవరు ఎక్కువ సంగతులు చెప్పగలిగితే వాళ్ళ మాట నెగ్గాలని నియమం పెట్టుకోండి. పెద్దపిల్లలైతే గుణింతాలు వాడుకోవచ్చు. "కృ", "కూ", "కొ" మూడూ మూడు ముక్కలు. అప్పుడు "క్" అని వినగానే చెయ్యి వేసినవాడు బోల్తాపడతాడు. అచ్చు వినిపించేదాకా ఓపిక పట్టాలి.

ముక్క వెనక రాసే సంగతి ఏదైనా సరే, రెండు చోట్ల విచారించి రాయండి. ఊరి చెరువు ఎవరు తవ్వించారో తాతయ్య ఒకటి చెబితే, గుడిలోని శాసనం మరొకటి చెప్పవచ్చు. తప్పు సంగతి ఒకసారి పేకలో పడిందంటే ఆడిన ప్రతివాడికీ అదే కంఠతా వస్తుంది.

చివరి ముక్కమీద మీ ఊరి జనాభా రాయండి. పంచాయతీ ఆఫీసులో అడిగితే లెక్క చెబుతారు. ఆ లెక్క తరవాత మీ ఇంట్లో పాప పుట్టి ఉంటే, ఒకటి కలిపి రాయడం మరిచిపోకండి!